లేక్ డిస్ట్రిక్ట్‌లో నడక, పబ్బులో భోజనం: మొదటిసారి వెళ్ళేవాళ్ళకి పూర్తి గైడ్

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళు చాలామంది లేక్ డిస్ట్రిక్ట్ వెళ్తారు, విండర్‌మియర్‌లో పడవ ఎక్కుతారు, ఫోటోలు దిగుతారు, డిక్కీలోంచి పులిహోర డబ్బా తీసి కార్ పార్కులోనే తినేసి సాయంత్రానికి మాంచెస్టరో బర్మింగ్‌హామో వెళ్ళిపోతారు. కొండల మధ్య లోయల్లో, రాతి గోడల ఇళ్ళ పక్కన ఉండే పాతకాలం పబ్బుల తలుపు మాత్రం తోయరు. తాగని వాళ్ళం మనకెందుకు అనే మొహమాటం ఒకటి, లోపల ఏం చెయ్యాలో తెలియక టెన్షన్ ఒకటి. నా దృష్టిలో ఆ ప్రాంతాన్ని సగమే చూసినట్టు. వానలో నాలుగు గంటలు నడిచొచ్చిన మనిషికి వేడి భోజనం, చలిమంట, ఎండబెట్టుకునే చోటు, తర్వాతి బస్సు ఎప్పుడో చెప్పే మనుషులు దొరికేది అక్కడే. చుక్క ముట్టని వాళ్ళకీ అక్కడ పూర్తి మర్యాద ఉంటుంది. జూబ్లీహిల్స్ పబ్బుల్ని, డీజే మోతని మనసులోంచి తీసేసి వెళ్ళండి.

కుటుంబంతో మొదటిసారి వెళ్ళేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని వరసగా చెప్తాను.

1. ముందు లోయని ఎంచుకోండి

లేక్ డిస్ట్రిక్ట్ 1951లో నేషనల్ పార్క్ అయింది, 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. పటంలో చిన్నగా కనిపిస్తుంది గానీ ఒక లోయ నుంచి పక్క లోయకి కారులో వెళ్ళాలంటే కొండ చుట్టూ తిరిగి రావాల్సి వస్తుంది, అందుకే ఒక రోజుకి ఒక లోయ చాలు.

మొదటిసారికి గ్రేట్ లాంగ్‌డేల్ వెళ్ళమంటాను. ఆంబుల్‌సైడ్ నుంచి 516 నంబర్ బస్సు లోయ చివరిదాకా వెళ్తుంది. ఎల్టర్‌వాటర్ అనే చిన్న ఊళ్ళో దిగితే పచ్చిక పక్కనే బ్రిటానియా ఇన్ అనే పబ్బు ఉంటుంది. అక్కణ్ణుంచి వాగు వెంట, చాపెల్ స్టైల్ మీదుగా, కంబ్రియా వే అనే దారి దాదాపు చదునుగా లోయ లోపలికి పోతుంది. ఐదారు కిలోమీటర్లు నడిస్తే ముందు స్టికిల్‌బార్న్ అనే పబ్బు, తర్వాత ఓల్డ్ డంజన్ గిల్ హోటల్ వస్తాయి. అంటే ఒకే నడకలో మూడు చోట్ల ఆగొచ్చు, ఎక్కడ అలిసిపోయినా బస్సు దొరుకుతుంది, చిన్నపిల్లలున్న వాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి.

ఓల్డ్ డంజన్ గిల్‌లో హైకర్స్ బార్ అని ఉంటుంది, అది ఒకప్పటి పశువుల కొట్టం. ఆవుల్ని కట్టేసిన గదుల్లాంటి అరలు అలాగే ఉంచి వాటిలోనే బల్లలు వేశారు. కింద రాతి నేల, మూల ఇనప పొయ్యి. బూట్లతోనే లోపలికి వెళ్ళొచ్చు. చరిత్రకారుడు జి.ఎం. ట్రెవెల్యన్ ఈ హోటల్ని వారసత్వ స్థలాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి ఇచ్చేశారు కాబట్టి ఇది ఎవరో కొనుక్కుని అద్దాల రిసార్ట్‌గా మార్చేసే ప్రమాదం తప్పింది, ఆ లోయ మొహం మారకుండా ఉండడానికి ఇలాంటి నిర్ణయాలే కారణం.

కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు స్టికిల్‌బార్న్ వెనక నుంచి సెలయేటి పక్కన రాతి మెట్ల దారిలో స్టికిల్ టార్న్‌కి ఎక్కొచ్చు. 350 మీటర్లకి పైగా ఎక్కుడు. పైన కొలను, దాని వెనక పేవీ ఆర్క్ అనే నిలువెత్తు రాతి గోడ. దిగేటప్పుడే మోకాళ్ళు నొప్పెడతాయి, తొందరపడకండి.

రెండోసారి వెళ్ళేవాళ్ళకి ఇంకొన్ని చోట్లు. కోనిస్టన్ సరస్సు దగ్గరి ఊళ్ళో బ్లాక్ బుల్ పబ్బు వెనకాలే సొంత బ్రూవరీ (బీరు తయారుచేసే చోటు) ఉంది, అక్కడి బ్లూబర్డ్ బిట్టర్ 1998లో బ్రిటన్ చాంపియన్ బీరుగా గెలిచింది. ఆ సరస్సు మీద వేగం రికార్డు కోసం వెళ్ళి 1967 జనవరి 4న చనిపోయిన డొనాల్డ్ క్యాంబెల్ పడవ పేరే ఆ బీరుకి పెట్టారు. హెస్కెట్ న్యూమార్కెట్ అనే ఊళ్ళో ఓల్డ్ క్రౌన్ పబ్బుని 2003లో ఊరివాళ్ళు, వచ్చిపోయే అభిమానులు సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు. పల్లె పబ్బు మూతపడితే ఆ ఊరికి కూర్చుని మాట్లాడుకునే చోటే పోతుంది, అందుకే అంత పట్టుదల. వాస్‌డేల్ హెడ్ ఇన్ అనే పబ్బు ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన కొండ స్కాఫెల్ పైక్ (978 మీటర్లు) పాదాల దగ్గర ఉంటుంది. 19వ శతాబ్దంలో అక్కడి యజమాని విల్ రిట్సన్ కోతలు కోయడంలో మొనగాడు, మా లోయలో టర్నిప్‌లు ఎంత పెద్దవంటే జనం వాటిని తొలిచి గొర్రెల కొట్టాలుగా వాడతారని నమ్మకంగా చెప్పేవాడట. ఆయన పేరు మీద ఇప్పటికీ దగ్గర్లోని శాంటన్ బ్రిడ్జ్‌లో అబద్ధాల పోటీ జరుగుతుంది, రాజకీయ నాయకులకీ లాయర్లకీ ప్రవేశం లేదు. వాస్‌డేల్‌కి మాత్రం కారు లేకుండా వెళ్ళడం కష్టం.

2. వంటగది టైము ముందు, నడక ప్లాను తర్వాత

ఈ గైడులో ఒక్కటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుపెట్టుకోండి. పబ్బు తెరిచి ఉంది అంటే భోజనం దొరుకుతుందని అర్థం కాదు. బార్ రాత్రి పదకొండు దాకా ఉండొచ్చు, కానీ వంటగది చాలా చోట్ల మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండున్నర దాకా, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా మాత్రమే. మూడున్నరకి కడుపులో ఎలుకలు పరిగెడుతుంటే వెళ్ళి కూర్చుంటే చిప్స్ ప్యాకెట్టు, వేరుశనగలు తప్ప ఏమీ ఉండవు. కొన్ని చోట్ల రోజంతా వండుతారు, కొన్ని చోట్ల చలికాలంలో సోమ, మంగళవారాలు మొత్తానికే మూసేస్తారు, ఆదివారం మధ్యాహ్నం రోస్ట్ పెట్టి సాయంత్రం వంటగది కట్టేసేవీ ఉన్నాయి. అందుకని ముందు రోజు ఫోన్ చేసి, రేపు భోజనం ఎన్నింటి దాకా పెడతారు, టేబుల్ బుక్ చెయ్యాలా అని అడగండి. గూగుల్‌లో కనిపించే టైములు బార్‌వా వంటగదివా అన్నది చాలాసార్లు స్పష్టంగా ఉండదు.

ఆ టైము తెలిశాక నడకని వెనక్కి లెక్కవేయండి. దీనికి 1892లో విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: ఐదు కిలోమీటర్లకి ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఇది గట్టి నడక వాళ్ళ లెక్క, పిల్లలు, ఫోటోలు, చీరల మీద స్వెటర్లు వేసుకొచ్చిన అమ్మలు అత్తయ్యలు ఉంటే దానికి సగం కలపండి. ఎల్టర్‌వాటర్ నుంచి ఓల్డ్ డంజన్ గిల్‌కి ఒంటిగంటకి చేరాలంటే పదకొండుకల్లా నడక మొదలవ్వాలి. డిసెంబరులో సాయంత్రం నాలుగుకే చీకటి పడుతుంది, జూన్‌లో తొమ్మిదిన్నర దాటినా వెలుతురే, కాబట్టి చలికాలంలో మధ్యాహ్న భోజనానికి, ఎండాకాలంలో రాత్రి భోజనానికి ప్లాన్ చేసుకోవడం మంచిది.

3. వెళ్ళడం, ముఖ్యంగా తిరిగి రావడం

లండన్ యూస్టన్ నుంచి ఆక్సన్‌హోమ్‌కి రైలు, అక్కడ మారి విండర్‌మియర్‌కి చిన్న లైను, స్టేషన్ బయటే ఆంబుల్‌సైడ్ బస్సులు. చివరి బస్సు ఎన్నింటికో చూసుకుని ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, లోయలో సిగ్నల్ సరిగ్గా రాదు. బస్సు తప్పితే ఊబర్ ఉందిలే అనుకోకండి, లోకల్ టాక్సీని ముందే మాట్లాడుకోవాలి.

కారైతే నడిపేవాళ్ళు అసలు తాగకూడదనే నా మాట. ఇంగ్లండ్‌లో చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్, స్కాట్లండ్‌లో 50. ఒక పైంట్ (పెద్ద గ్లాసు) బీరు అయితే పర్లేదు అని ఎవరో చెప్పింది నమ్మొద్దు, మనిషిని బట్టి, తిన్నదాన్ని బట్టి అది మారిపోతుంది, పైగా ఆ రోడ్లు ఒక కారు పట్టేంత వెడల్పే, రెండు పక్కలా రాతి గోడలు.

కాగితం మ్యాపు ఒకటి కొనండి. ఆర్డినెన్స్ సర్వే అనే బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ వేసే ల్యాండ్‌రేంజర్ మ్యాపుల్లో పీహెచ్ అని రెండు అక్షరాలు కనిపించిన ప్రతి చోటా పబ్బు ఉన్నట్టు.

4. తలుపు దగ్గర

బూట్లకి బురద ఉంటే బయట గీరేసి, దులిపి వెళ్ళండి. తలుపు పక్కన బూట్లు పెట్టే అర ఉంటే విప్పేసి మేజోళ్ళతోనే లోపలికి వెళ్ళొచ్చు, అక్కడ అది మామూలే, అందుకే సంచిలో పొడి మేజోళ్ళ జత ఉండాలి. తడిసిన రెయిన్‌కోట్లు కుర్చీల మీద వెయ్యకుండా కొక్కేలకి తగిలించండి.

చాలా పబ్బుల్లో రెండు భాగాలుంటాయి: రాతి నేల ఉన్న బార్ వైపు నడకవాళ్ళకి, కుక్కలకి, కార్పెట్ ఉన్న డైనింగ్ వైపు బుక్ చేసుకున్న వాళ్ళకి. ఎక్కడ కూర్చోమంటారు అని అడిగితే సరిపోతుంది. బల్ల మీద రిజర్వ్‌డ్ అని చీటీ లేకపోతే బార్ వైపు ఎక్కడైనా కూర్చోవచ్చు.

కుక్కలంటే భయమున్న వాళ్ళు మనలో చాలామంది. ఇక్కడ చలిమంట ముందు తడి కుక్క ఒకటి పడుకుని ఉండడం ఖాయం అనుకోండి. కుక్కల్ని రానివ్వని గది ఉందా అని అడగండి, సాధారణంగా ఉంటుంది, ఎవరూ ఏమీ అనుకోరు.

మన పులిహోర, చపాతీ చుట్టలు మాత్రం లోపల విప్పకండి, పబ్బు బయటి బల్లల మీద కూడా వద్దు. వాటిని కొండ మీద తినండి, అక్కడి గాలికి పులిహోర రుచే వేరు. తిన్నాక కవర్లూ, నారింజ తొక్కలూ అన్నీ సంచిలో వేసుకుని కిందికి తెచ్చేయండి.

5. బార్ దగ్గర ఆర్డర్ చెయ్యడం

కొత్తవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే. బల్ల దగ్గర కూర్చుని వెయిటర్ కోసం ఎదురుచూస్తే అరగంటైనా ఎవరూ రారు. మీరే లేచి బార్ దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళే ముందు మీ బల్ల మీద నంబరు చూసుకోండి, భోజనం చెప్పగానే వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే.

బార్ దగ్గర క్యూ లైనులా కనిపించదు, జనం అడ్డంగా నిలబడి ఉంటారు. అయినా వరస ఉంది. మన దగ్గర టిఫిన్ బండి చుట్టూ ఇరవై మంది మూగినా ఎవరు ముందొచ్చారో బండాయనకి తెలిసినట్టే, బార్ వెనక మనిషికి తెలుసు. చెయ్యి ఊపడం, చిటికెలు, నోటు ఆడించడం, ఎక్స్‌క్యూజ్ మీ అని కేకెయ్యడం ఏవీ పనికిరావు. కళ్ళు కలిపి నిలబడితే చాలు. మీకంటే ముందొచ్చిన వాళ్ళుండగా మిమ్మల్ని అడిగితే, వాళ్ళు ముందు అని చూపించండి. ఈ ఒక్క పనితో అక్కడి వాళ్ళ గౌరవం దక్కుతుంది.

స్నేహితులతో వెళ్తే రౌండ్లు ఉంటాయి. ఒకరు అందరికీ కొంటారు, తర్వాత ఇంకొకరు. తాగనివాళ్ళు కూడా రౌండులో ఉండొచ్చు, మీ వంతు వచ్చినప్పుడు మీరు కొనాలి. ఎవరికి వాళ్ళు ఉంటామన్నా తప్పులేదు, కానీ ఆ మాట మొదట్లోనే చెప్పాలి.

6. ఏం తాగాలి, తాగనివాళ్ళు ఏం అడగాలి

తాగనివాళ్ళ సంగతి ముందు చెప్తాను. లైమ్ అండ్ సోడా అడగండి, చవక, అందరికీ తెలిసినదే. ఆరెంజ్ స్క్వాష్, జింజర్ బీర్ (చాలా రకాల్లో మత్తు ఉండదు, అడిగి తీసుకోండి), ఆల్కహాల్ లేని బీరు, టీ, కాఫీ ఉంటాయి. మంచినీళ్ళు ఉచితంగా అడగొచ్చు, ఇంగ్లండ్‌లో మద్యం లైసెన్సు ఉన్న చోట కుళాయి నీళ్ళు అడిగితే డబ్బు తీసుకోకుండా ఇవ్వాలన్నది లైసెన్సు షరతు.

తాగేవాళ్ళకి ఇక్కడి అసలు విశేషం కాస్క్ ఏల్. ఇది పీపాలోనే ఇంకా పులుస్తూ ఉండే బీరు, గ్యాసు కొట్టి పంపరు. బార్ మీద నిలువుగా ఉండే పొడవాటి చెక్క పిడిని సర్వ్ చేసే మనిషి నెమ్మదిగా తన వైపుకి లాగుతారు, రెండు మూడు లాగుళ్ళకి కింద నేలమాళిగ నుంచి బీరు పైకొచ్చి గ్లాసులో గోధుమరంగు నురగగా సుళ్ళు తిరుగుతుంది, కాసేపటికి అది అడుగు నుంచి పైకి తేటబడుతూ వస్తుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో పంపు మూతికి సన్న రంధ్రాల బిళ్ళ ఒకటి బిగిస్తారు, నురగ మీగడలా చిక్కగా ఉండేది దానివల్లే. ఇది 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఇస్తారు, ఐసు చల్లదనం ఉండదు, కాబట్టి చల్లగా లేదని తిప్పి పంపకండి. వెనిగర్ వాసన వస్తే మాత్రం నెమ్మదిగా చెప్పండి, మార్చి ఇస్తారు. ఏది బాగుంటుందో తెలియకపోతే కొంచెం రుచి చూడొచ్చా అని అడగండి, చిన్న గ్లాసులో పోసిస్తారు. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, మొదటిసారి హాఫ్ చాలు. 1970ల మొదట్లో పెద్ద కంపెనీల గ్యాసు బీరు దేశమంతా పరుచుకుంటుంటే, 1971లో మొదలైన క్యామ్రా అనే వినియోగదారుల ఉద్యమం ఈ ఏల్‌ని నిలబెట్టింది.

శాకాహారులకి ఒక సంగతి: కాస్క్ ఏల్‌ని తేటపరచడానికి పాతకాలం నుంచి చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ వాడతారు. ఇప్పుడు వాడని బ్రూవరీలు పెరిగాయి, వీగన్ అని పంపు మీద రాసి ఉంటుంది, లేకపోతే అడగండి.

7. ఏం తినాలి, ఏది అడిగి తినాలి

మాంసాహారులకి ఈ ప్రాంతం పండగే. కంబర్లండ్ సాసేజ్ చుట్టలా చుట్టి వస్తుంది, పంది మాంసం, మిరియాల ఘాటు, మన నాలుకకి నచ్చుతుంది. హెర్డ్‌విక్ గొర్రె మాంసం దొరికితే వదలకండి. నడిచేటప్పుడు దారిలో కనిపించేవి ఆ గొర్రెలే, పుట్టినప్పుడు నల్లగా ఉండి పెరిగేకొద్దీ బూడిదరంగుకి వస్తాయి, కంచె లేకపోయినా తల్లి నేర్పిన కొండని దాటిపోవు. లేక్‌ల్యాండ్ హెర్డ్‌విక్ అన్న పేరుకి 2013 నుంచి చట్టరక్షణ ఉంది.

బీఫ్ తిననివాళ్ళు జాగ్రత్తగా చూడాల్సినవి చాలా ఉన్నాయి, అవి పేరులో కనిపించవు. కాటేజ్ పై (pie) అనే వంటకాన్ని బీఫ్‌తో, షెపర్డ్స్ పై అనేదాన్ని గొర్రె మాంసంతో చేస్తారు. ఏల్ పై అంటే ఎక్కువగా బీఫే. గ్రేవీ చికెన్ రోస్ట్ మీద పోసినా బీఫ్ రసంతో చేసింది కావచ్చు. డంప్లింగులలో, కొన్ని ఆవిరి పుడ్డింగులలో స్యూయెట్ అనే పశువు కొవ్వు ఉంటుంది, కూరగాయల స్యూయెట్ కూడా ఉంది కాబట్టి అడగాలి. అన్నిటికంటే ముఖ్యమైనది చిప్స్: ఉత్తర ఇంగ్లండ్‌లో కొన్ని చోట్ల వాటిని బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే బీఫ్ కొవ్వులో వేపుతారు. ఆర్ ది చిప్స్ ఫ్రైడ్ ఇన్ వెజిటబుల్ ఆయిల్ అని సూటిగా అడగండి, వెజిటేరియనా అని మాత్రమే అడిగితే నూనె సంగతి రాకపోవచ్చు. బ్లాక్ పుడ్డింగ్ పేరు చూసి తీపి అనుకోకండి, అది పంది రక్తంతో చేసింది.

శాకాహారులకి చీజ్ అండ్ ఆనియన్ పై, సూపు బ్రెడ్డు, జాకెట్ పొటేటో, ఆదివారం నట్ రోస్ట్ దొరుకుతాయి. ప్లోమన్స్ లంచ్ అడిగితే చీజ్ ముక్క, బ్రెడ్డు, ఊరగాయ ఉల్లిపాయ, చట్నీ, యాపిల్ వస్తాయి, హామ్ వద్దని చెప్పండి. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది. చేపని ముంచి వేపే పిండిలో బీరు కలపడం మామూలు. మెనూలో వీ అంటే వెజిటేరియన్, వీజీ అని ఉంటే చాలా చోట్ల వీగన్. వేరుశనగ, పాలు లాంటివి పడని పిల్లలుంటే మొహమాటపడకుండా చెప్పండి, 14 రకాల అలెర్జీ పదార్థాల వివరం ఇవ్వడం వాళ్ళ చట్టబద్ధమైన బాధ్యత.

కారం తక్కువే, ఒప్పుకుంటాను, మస్టర్డ్ అడగండి, ఇంగ్లిష్ మస్టర్డ్ ముక్కుకెక్కుతుంది. చివర్లో స్టికీ టాఫీ పుడ్డింగ్ తప్పనిసరి. ఖర్జూరాల కేకు మీద వేడి టాఫీ సాస్. అల్స్‌వాటర్ ఒడ్డున షారో బే హోటల్ నడిపిన ఫ్రాన్సిస్ కోల్సన్ దీన్ని ప్రసిద్ధం చేశారు, ఇప్పుడు దీన్ని పెట్టని పబ్బు ఈ కొండల్లో కనిపించడం కష్టం. ఇద్దరికి ఒకటి చాలు.

8. పిల్లలు, పెద్ద గుంపు

పెద్దవాళ్ళతో వచ్చిన పిల్లల్ని ఎక్కువ చోట్ల రానిస్తారు, కొన్ని చోట్ల రాత్రి ఎనిమిది తొమ్మిది తర్వాత బార్ వైపు ఉండనివ్వరు. 18 ఏళ్ళలోపు వాళ్ళకి మద్యం అమ్మరు. పాతికేళ్ళలోపు కనిపించే ఎవరినైనా వయసు రుజువు అడుగుతారు, స్టూడెంట్లు పాస్‌పోర్టో, బ్రిటన్ డ్రైవింగ్ లైసెన్సో వెంట ఉంచుకోండి.

మనం వెళ్తే నాలుగైదు కుటుంబాలు, పదిహేను ఇరవై మంది కలిసి వెళ్తాం. ఈ పబ్బుల వంటగదుల్లో ఒకరో ఇద్దరో వంటవాళ్ళుంటారు, ఇరవై మంది ఒకేసారి వచ్చి ఇరవై రకాలు అడిగితే గదిలో ఉన్న అందరి భోజనమూ గంట ఆలస్యమవుతుంది. వారం ముందే ఫోన్ చెయ్యండి, మెనూ తెప్పించుకుని ఎవరికేంటో ముందే పంపించండి, లేదా రెండు మూడు బల్లలుగా విడిపోయి అరగంట తేడాతో వెళ్ళండి. బుక్ చేసి వెళ్ళకుండా ఉండడం మాత్రం వద్దు. ఇరవై ప్లేట్ల నష్టం చిన్న పబ్బుకి పెద్ద దెబ్బ.

9. బిల్లు, గంట, తిరుగుదారి

బార్ దగ్గర చెప్పినప్పుడే డబ్బు కట్టెయ్యడం మామూలు, కార్డు నడుస్తుంది, మారుమూల చోట్లకి కొంత క్యాష్ ఉంచుకోండి. బార్ దగ్గర టిప్పు ఆశించరు. బల్ల దగ్గరికొచ్చి వడ్డించి బిల్లు తెచ్చిన చోట పది శాతం ఇవ్వొచ్చు, బిల్లులోనే సర్వీస్ చార్జ్ ఉందేమో చూసుకోండి.

రాత్రి గంట మోగితే లాస్ట్ ఆర్డర్స్, ఇంకేమైనా కావాలంటే అప్పుడే. మళ్ళీ మోగితే అమ్మకం ఆగిపోయినట్టు, గ్లాసులో ఉన్నది తాగడానికి మాత్రం కాస్త టైమిస్తారు. లేచేటప్పుడు ఖాళీ గ్లాసులు బార్ మీద పెట్టి థాంక్స్ చెప్పి రండి.

చీకట్లో బస్టాపుదాకా నడవాల్సి ఉంటే ఒక్కొక్కరికీ టార్చి ఉండాలి, ఫోన్ లైటు లెక్కలోకి రాదు. వాన పడితే వాగు దాటే రాళ్ళ దారి వదిలేసి రోడ్డు మీదే నడవండి. కొండ మీద ఎవరికైనా దెబ్బ తగిలితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి, వచ్చేవాళ్ళు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. సిగ్నల్ తక్కువున్న చోట మెసేజ్ పోయే అవకాశం ఎక్కువ కాబట్టి, ఇంటి దగ్గరే రిజిస్టర్ అనే ఇంగ్లిష్ మాటని 999కి మెసేజ్ చేసి, తిరిగొచ్చే మెసేజ్‌కి యెస్ అని జవాబిచ్చి మీ నంబరు నమోదు చేసుకుని బయల్దేరండి.